బూజు అడుగులు

ఆ ల్యాబులో మనుషులకు పేర్లుండవు. ఉంటాయి గానీ, తలుపు దగ్గర చెప్పులతోపాటు వాటినీ విప్పేసి లోపలికి వెళ్తారు. లోపల ఎవరి టేబులు నంబరు వాళ్ళ పేరు. ప్రతి సీసా మూత మీదా తేదీ, దాని కింద ఆ సీసాలో మొక్క నాటిన మనిషి నంబరు రాయాలి. అలా రాసి రాసి పదిమందికీ ఆ నంబర్లే నోటికి అలవాటైపోయాయి. "రెండు ఇవాళ రాలేదేం?" "తొమ్మిదికి జలుబట, పంపించేశారు." బయటివాళ్ళెవరైనా వింటే ఇక్కడేదో లెక్కల పాఠం జరుగుతోందనుకుంటారు. మనకు కావలసినావిడ నాలుగు. పదమూడేళ్ళ సర్వీసు ఉంది కాబట్టి అందరూ మర్యాదగా నాలుగక్క అంటారు.

పని చూడ్డానికి చిన్నదే. ముఖానికి గుడ్డ, తలకు టోపీ, మోచేతుల దాకా స్పిరిట్. ముందు ఒక గాజు పెట్టె, దాని వెనకనుంచి ముఖం మీదికి వీచే వడగట్టిన గాలి. పట్టకారు దీపంలో కాల్చి, చల్లారనిచ్చి, పాత సీసాలోంచి మొక్కల గుత్తిని పైకి తీయాలి. తెల్ల పలక మీద పెట్టి సన్నకత్తితో నాలుగైదు ముక్కలు కోయాలి. ఒక్కో ముక్కనూ కొత్త సీసాలోని జెల్లీలో నిలబెట్టి మూత బిగించాలి. మట్టి లేదు, ఎండ లేదు, వాన లేదు. ఒక్క మొక్కని ఏడాదిలో వేలు చేస్తారు. అన్నీ కుండీల్లో పెంచుకునే పూలమొక్కలే. కోసేటప్పుడు మాట్లాడకూడదు, దగ్గకూడదు, ముక్కు దురద పెడితే ఓర్చుకోవాలి. ఒక్క బూజు రేణువు లోపలికి పోయిందా, వారం తిరిగేసరికి సీసా అంతా దూదిపింజలా తయారవుతుంది.

సోమవారం పొద్దున్న సూపర్వైజరు పెంపకం గదిలోంచి ఒక ట్రే పట్టుకుని వచ్చింది. ఆవిడ ఈ ల్యాబుకి వచ్చి ఏడాది కాలేదు. ఎవరినీ పేరు పెట్టి పిలవదు, ఎవరి మీదా గొంతు పెంచదు. అందుకే అందరికీ భయం. ట్రేలో ముప్ఫైఒక్క సీసాలున్నాయి. అన్నిటికీ బూజు, అన్ని మూతల మీదా ఏడు.

"పోయిన వారం పన్నెండు," అందావిడ. "ఈ వారం ముప్ఫై ఒకటి. పట్టకారు సరిగ్గా కాలుస్తున్నారా?"

ఏడు తల ఊపింది. ఆమె వచ్చి ఆరు నెలలు కావస్తోంది. అంతకు ముందు బట్టల మిల్లులో పని చేసేది. అక్కడి దుమ్ముకి ఛాతీ పట్టేస్తే డాక్టరు మానేయమన్నాడు. ఈ ఊళ్ళో దుమ్ములేని ఉద్యోగం ఇదొక్కటే అని వెతుక్కుని మరీ వచ్చింది.

"శనివారంతో మీ ఆరు నెలలూ పూర్తవుతాయి," అంది సూపర్వైజరు. "ఇలా ఉంటే ఉంచుకోమని నేను పైకి రాయలేను."

ముఖానికి గుడ్డ ఉంటే ఏడ్చేవాళ్ళకి ఒక సౌకర్యం, కళ్ళు మాత్రం ఎటైనా తిప్పుకుంటే చాలు. ఏడు దీపం వైపు తిరిగి, పట్టకారుని అవసరానికి మూడింతలసేపు కాల్చింది.

నాలుగక్కకి ఒళ్ళు మండింది. ఏడు చేతిని ఆమె ఆరు నెలలుగా పక్కనుంచి చూస్తోంది. మిల్లులో తెగిన దారాన్ని కంటికి కనపడకుండా ముడివేసిన వేళ్ళవి. కత్తి పట్టుకుంటే వణుకన్నది ఉండదు. మూత తీసి పెట్టడం రెండు రెప్పపాట్లు. అలాంటి చేతిని పట్టుకుని శుభ్రం లేదంటే ఎవరు ఊరుకుంటారు? అందరూ ఊరుకున్నారు. భోజనాల వేళ నాలుగక్క మాత్రం చెత్త ట్రే దగ్గరికి వెళ్ళి ఆ సీసాలు ఒక్కొక్కటే దీపానికి ఎదురుపెట్టి చూసింది.

బూజుకీ ఒక పద్ధతి ఉంటుంది. పట్టకారు తప్పయితే మొక్క మొదట్లో పుడుతుంది. గాలి తప్పయితే జెల్లీ మీద ఎక్కడపడితే అక్కడ చుక్కలుగా పుడుతుంది. ఇక్కడ రెండూ కాదు. మూత అంచు దగ్గర మొదలై, గాజు గోడ మీదుగా దిగి, జెల్లీ మీద అడ్డంగా నడిచి వెళ్ళింది. నిజంగానే నడిచింది. చుక్క, కొంచెం ఎడం, చుక్క, కొంచెం ఎడం. తడికాళ్ళతో ఎవరో గచ్చు మీద నడిచి వెళ్ళినట్టు వరసగా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మామూలుగానే చెయ్యి చాపింది.

"తెచ్చావా?"

నాలుగక్క టిఫిన్ డబ్బా ఇచ్చింది. అత్తగారు మూత తీసి, తడి కాగితం విప్పి, లోపలున్న మూడు పిల్లమొక్కల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వంకర కాండం, ఒంటాకు, పొట్టి వేరు. ల్యాబులో పనికిరావని ఏరి పారేసేవి. పాత సూపర్వైజరు ఉన్నప్పుడు "తీసుకుపోండమ్మా, ఎలాగూ ఉడకబెట్టి పారేసేవేగా" అనేవాడు. ఆయన వెళ్ళిపోయాడు గానీ ఈ అలవాటు వెళ్ళలేదు. సాయంత్రం సీసాలు ఏరే పని నాలుగక్కదే. డబ్బా లోపలికి తీసుకెళ్ళి, ఏరగా మిగిలినవాటిని అందులో వేసుకుని వచ్చేస్తుంది. కొత్తావిడ అడగలేదు, ఈమె చెప్పలేదు.

వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అత్తగారికి మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళయింది. కిందికి దిగడం మానేసింది. వంటగది కిటికీకి కొడుకు మూడు చెక్కలు బిగించి, పైన ఒక ట్యూబులైటు పెట్టి ఇచ్చాడు. ఆ మూడు చెక్కలే ఆవిడ తోట. పిల్లమొక్కని కొబ్బరిపీచులో నాటి పైన గాజుగ్లాసు బోర్లిస్తుంది. మూడు రోజులయ్యాక గ్లాసు అంచు కింద ఒక అగ్గిపుల్ల పెడుతుంది, అంతే సందు. మర్నాడు రెండు పుల్లలు, ఆ మర్నాడు మూడు. పది పుల్లలైతే గ్లాసు తీసేస్తుంది.

"సీసాలో పుట్టినదానికి గాలంటే ఏం తెలుసు పాపం," అంటుంది. "ఒక్కసారి వదిలితే సాయంత్రానికి వాడిపోతుంది. కొంచెం కొంచెంగా చెప్పాలి దానికి." ముప్ఫైకి పైగా కుండీలున్నాయి. కొడుకునైనా ఒకపూట మరిచిపోతుంది గానీ ఏ గ్లాసు ఎన్నో పుల్ల మీద ఉందో మరిచిపోదు.

ఇవాళ్టి మూడింటినీ నాటేసి, డబ్బా కడిగి, చెక్క మీద కుండీల మధ్య బోర్లించింది. "గిన్నెల స్టాండులో చోటు లేదు. ఇక్కడైతే లైటు వేడికి తొందరగా ఆరుతుంది," అంది.

"అత్తయ్యా, నడిచే బూజు ఎప్పుడైనా చూశారా?"

"బూజు నడవడమేమిటే, మతి పోయిందా? దాన్ని ఎవరో మోసుకెళ్ళాలి."

నాలుగక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. అత్తగారు చదివింది నాలుగో తరగతి. కానీ ల్యాబులో పదిమందికీ తట్టనిది ఆవిడ పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తూ చెప్పేసింది.

మంగళవారం పొద్దున్నే నాలుగక్క సూపర్వైజరు గది తలుపు తట్టింది. పదమూడేళ్ళలో తనంత తానుగా ఆ తలుపు తట్టడం అదే మొదలు. ఒక సీసా బల్ల మీద పెట్టింది.

"ఇది చేతి తప్పు కాదు మేడమ్. అడుగులు చూడండి. ఏదో పురుగు మూత సందులోంచి దూరింది. కంటికి ఆననంత చిన్నది. కాళ్ళకి బూజు అంటించుకుని సీసా సీసాకీ తిరుగుతోంది. ఆ అమ్మాయి ఏం చేస్తుంది చెప్పండి?"

సూపర్వైజరు సీసాని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి ఇంకా సేపు చూసింది. తల ఎత్తినప్పుడు ఆవిడ ముఖంలో కోపం లేదు, కొంచెం సిగ్గు ఉంది.

"మొక్కలకి పట్టే నల్లి," అంది. "మీరు చెప్పింది నిజం. నేను ఇది చూడాల్సింది."

నాలుగక్కకి ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. భోజనాల దగ్గర రెండు, తొమ్మిది, పది చుట్టూ చేరి కథ చెప్పించుకున్నారు. ఆవిడ ప్రతిసారీ ఇంకాస్త రంగు పూసి చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి కథలో సూపర్వైజరు కుర్చీలోంచి లేచి నిలబడింది కూడా. ఏడు మాత్రం కొంచెం దూరంగా కూర్చుని, తన డబ్బాలోంచి ఒక పండు తీసి ఈవిడ చేతిలో పెట్టింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది. సంతోషం ఎక్కువై నోరు రావడం లేదనుకుంది నాలుగక్క.

బుధవారం సూపర్వైజరు గళ్ళకాగితం తెచ్చింది. పురుగు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఏ సీసా ఎక్కడుందో గీయాలంది. నాలుగక్కనే తోడు రమ్మంది. పెంపకం గదిలో ట్యూబులైట్ల కింద ర్యాకులు వరసగా నిలబడి ఉంటాయి. కొత్తవాళ్ళ సీసాలెప్పుడూ తలుపు పక్క ర్యాకులోనే. సోమవారం తీసేశాక ఈ రెండు రోజుల్లోనే మళ్ళీ చాలా సీసాలకి పట్టేసింది. నాలుగక్క వంగి కూర్చుని ఒక్కో సీసా చూసి చెప్పింది. "బూజు, బూజు, బాగుంది, బూజు." సూపర్వైజరు గడిలో ఎర్రచుక్క పెట్టుకుంటూ పోయింది.

పై అరలో ఎనిమిది చుక్కలు, నడిమి అరలో పదకొండు. అడుగు అరకి వచ్చేసరికి ఎరుపు కమ్మేసింది. అంతా అయ్యాక సూపర్వైజరు కాగితాన్ని చాపిన చేతిలో దూరంగా పట్టుకుని చూసింది.

"విచిత్రంగా ఉంది. అన్నీ దీని చుట్టూనే," అని కలంతో ఒకచోట తట్టింది. అడుగు అరలో, తలుపు వైపు, నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి. వాటి చుట్టూ దగ్గర చుక్కలు దట్టంగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉన్నాయి. "ఈ మధ్యలో సీసాలు ఎందుకు లేవు?"

నాలుగక్క ఆ ఖాళీ వైపు చూసింది.

ఆ చోటు ఆమెకి బాగా తెలుసు. రోజూ సాయంత్రం సీసాలు ఏరేటప్పుడు రెండు చేతులూ కావాలి కదా. అందుకని డబ్బాని వంగి అక్కడ పెడుతుంది. సరిగ్గా నాలుగు సీసాలంత మేర. డబ్బా గుండ్రంగా ఉంటుంది.

"ఏమో మేడమ్. సీసాలు చాల్లేదేమో," అంది.

ఇంటికి వెళ్ళగానే నాలుగక్క, అత్తగారు పేపరు చదివే భూతద్దం అడిగి తీసుకుంది. డబ్బా మూత లోపలి రబ్బరు రింగుని గోటితో లాగి అద్దం కింద పెట్టింది. రింగు గాడిలో పిండి రాలినట్టు తెల్లగా ఏదో ఉంది. ఆ పిండి కదిలింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఒక కుండీలో ఆకు తిప్పి చూసింది. ఇంకో కుండీలో చూసింది. ఎనిమిదో కుండీ దాకా చూసి అద్దం దించేసింది.

"ఏం వెతుకుతున్నావే?" అంది అత్తగారు మంచం మీదినుంచి.

"ఏం లేదు అత్తయ్యా. కొత్త చిగుళ్ళేమైనా వచ్చాయేమోనని."

"చిగుళ్ళు ఆకు కిందుంటాయా?"

నాలుగక్క రబ్బరు రింగుని మరిగే నీళ్ళలో వేసి, అది చాలదని డబ్బా మొత్తాన్నీ వేసి మరిగించింది. చెప్పకపోతే ఏమవుతుంది అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. ఏమీ కాదు. డబ్బా ఇక లోపలికి తీసుకెళ్ళకపోతే సరి. పురుగు దానంతటదే ఆగిపోతుంది. ఏడుది తప్పు కాదని ఎలాగూ తేలిపోయింది. తను మంచిదానిగానే మిగిలిపోతుంది. ఆలోచన చక్కగా అమరింది. అమరినందుకే ఆమెకి అన్నం సయించలేదు.

గురువారం పని మొదలుకాక ముందే సూపర్వైజరు అందర్నీ చెప్పులు విప్పే గదిలో నిలబెట్టింది. గళ్ళకాగితం గోడకి అంటించి ఉంది.

"ఈ ఖాళీ దగ్గర ఎవరో బయటి వస్తువు పెట్టారు. ఒక్కరోజు కాదు, చాలా రోజులు," అంది. తరవాత ఏడు వైపు తిరిగింది. "ర్యాకు మీది. రోజూ మీ సీసాలు మీరే సర్దుకుంటారు. అక్కడ ఏముండేదో మీకు తెలియకుండా ఉండదు. చెయ్యి శుభ్రంగా లేకపోవడం వేరు, బయటి వస్తువు లోపలికి తేవడం వేరు. దీనికైతే శనివారం దాకా కూడా ఆగక్కర్లేదు."

ఏడు తలెత్తి నాలుగక్క వైపు చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు, బతిమాలడమూ లేదు. ఊరికే చూసి, మళ్ళీ నేల చూపులు చూసింది.

అప్పుడు అర్థమైంది నాలుగక్కకి. ఈ పిల్లకి తెలుసు. మొదటినుంచీ తెలుసు.

"ఆ డబ్బా నాది మేడమ్."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. నాలుగక్క చెప్పడం మొదలుపెట్టింది. పారేసే మొక్కలు, అత్తగారి కిటికీ, కుండీల మధ్య ఆరే డబ్బా, రబ్బరు రింగు, ఒకటీ దాచలేదు. నిన్న ఆ ఖాళీ చూసి కూడా అబద్ధమాడానని మాత్రం గోడ మీది కాగితంకేసి చూస్తూ చెప్పింది. అవమానంతో చెవులు కాలిపోయాయి.

సూపర్వైజరు గోడ మీది కాగితం ఊడదీసి నాలుగు మడతలు పెట్టింది.

"మీలాంటి చెయ్యి ఈ ల్యాబులో ఇంకోటి లేదు," అంది చివరికి. "కానీ ఆ మొక్కలు మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీరు లోపలికి రాకూడదు. బట్టలకీ జుట్టుకీ కూడా అంటుకొస్తాయవి. సీసాలు కడిగే దగ్గర ఉండండి. మొక్కలు తీసేసిన రోజు చెప్పండి, మీ టేబులు మీకే." తరవాత ఏడుతో, "మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. శనివారం ఉంచుకోమనే రాస్తాను," అని, ఇంకేం చెప్పాలో తెలియనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

కడిగే చోటు వెనకవైపు ఉంటుంది. మూడు తొట్లు, ఒక బ్రష్షు మిషను, తడి గచ్చు. మూతల మీది అంకెల్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచెయ్యాలి, మళ్ళీ కొత్త అంకె రాసుకోవడానికి. తుడుస్తుంటే తన నాలుగులే ఎక్కువగా వచ్చాయి. పదునైన మూలతో, కింద చిన్న తోకతో. ఒక్కొక్కటే తుడిచేసింది.

మధ్యాహ్నం ఏడు వచ్చి తొట్టి అంచున నిలబడింది.

"డబ్బా నాదని తెలిసి ఎందుకు చెప్పలేదే?" అంది నాలుగక్క బ్రష్షు ఆపకుండా.

"రోజూ సాయంత్రం సర్దేటప్పుడు నేనే దాన్ని కొంచెం పక్కకి జరిపేదాన్ని అక్కా, నా సీసాలకి చోటు చాలక. కానీ నేను చెబితే ఎవరు నమ్ముతారు? తప్పించుకోడానికి పెద్దామె మీదికి తోస్తోందంటారు. ఆ పైన మీరేమో నా తరఫున పోట్లాడుతున్నారు." ఆమె ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. "నాలుగు రోజులు ఏడ్చానక్కా. మీకు కోపం రాకపోతే ఒక మాటంటాను. మీ మీద చాలా కోపమొచ్చింది నాకు."

"రావాలి," అంది నాలుగక్క. "రాకపోతే నీకు బుద్ధి లేదనుకునేదాన్ని."

ఏడు నవ్వలేదు. కానీ చేతులు పైకి మడుచుకుని, భోజనాల వేళ అయిపోయేదాకా పక్కన నిలబడి మూతలు తుడిచింది.

ఇంట్లో చెప్పాలంటే మాత్రం నాలుగక్కకి నోరు పెగల్లేదు. ఏమని చెబుతుంది? రెండేళ్ళుగా మెట్లు దిగని మనిషికి ఆ మూడు చెక్కలే ఊరూ వాడా అన్నీ. పొద్దున్న లేచి మొదట పుల్లలు మారుస్తుంది, తరవాతే కాఫీ. టేబులు పోతే పోయింది, కడిగే పని మాత్రం పని కాదా అనుకుంది. అనుకున్నంత తేలిగ్గా లేదు. పదమూడేళ్ళ అలవాటుకి చేతులు గాలిలోనే పట్టకారు పట్టుకుంటున్నాయి.

శనివారం సాయంత్రం అత్తగారు డబ్బా మూత తీసి చూసింది. "మూడు రోజులుగా ఏమీ తేవడం లేదేం?"

"ఈ మధ్య వంకరవి రావడం లేదు అత్తయ్యా."

"పదమూడేళ్ళుగా వచ్చినవి ఇప్పుడు హఠాత్తుగా తిన్నగా పుడుతున్నాయా?" అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూసింది. స్పిరిట్‌తో ఎండి బిరుసెక్కి ఉండే వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. ఏమీ అడగకుండా చెయ్యి వదిలేసింది.

సోమవారం నాలుగక్క ఇంటికి వచ్చేసరికి రెండో అంతస్తు మెట్ల మీద అత్తగారు కూర్చుని ఉంది. ఒక చేత్తో కమ్మీ, ఒళ్ళో ఒక కుండీ.

"అయ్యో! మీరెందుకు దిగారు అత్తయ్యా?"

"ఇది ఆఖరిది. కింద దర్జీ వాళ్ళకి. మిగతావన్నీ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. ఆయన మిషను వదిలి రాలేనన్నాడు, నేనే బయల్దేరాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "సబ్బునీళ్ళతో ఆకాకూ కడిగే ఇచ్చాలే. నేనూ చూశాను భూతద్దంతో. చిగుళ్ళు వెతుకుతున్నానని నాకు చెబుతావా? నా కళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదు."

"మీ మొక్కలు అత్తయ్యా..."

"నా మొక్కలేమిటి? అవన్నీ నీ టేబులు మీద పుట్టినవే. రోజూ తెస్తున్నావు కదా అని పెంచాను. నీ చేతి పని పోగొట్టి నేను పెంచుకునేదేముంది?" అంటూనే ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, దాచుకోలేదు. "ఇది ఏడో పుల్ల మీద ఉందని దర్జీకి చెప్పు. ఎనిమిదోది రేపు పొద్దున్న పెట్టమను. మరిచిపోతే ఇంకోసారి దిగి వస్తానని చెప్పు."

ఇద్దరూ ఒక్కో మెట్టూ కిందికి దిగారు. దర్జీకి అగ్గిపుల్లల సంగతి అర్థమయ్యేసరికి పావుగంట పట్టింది. తిరిగి మూడో అంతస్తు ఎక్కేసరికి అరగంట పట్టింది.

బుధవారం సూపర్వైజరు ఇంటికి వచ్చి ఖాళీ చెక్కలు చూసి వెళ్ళింది. గురువారం నాలుగక్క తన గాజు పెట్టె ముందు కూర్చుంది. పక్క టేబులు నుంచి ఏడు, మాట్లాడకూడదు కాబట్టి, స్పిరిట్ సీసాని ఈవిడ వైపు జరిపింది. మొదటి గుత్తి కోసేటప్పుడు చెయ్యి కొంచెం తడబడింది. మూడో గుత్తికి సర్దుకుంది.

సాయంత్రం అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చెక్కల మీద గాజుగ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి, కింద ఏమీ లేకుండా. కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. నాలుగక్క డబ్బా ఇచ్చింది. అత్తగారు మూత తీసి లోపలికి చూసింది. వేలితో అడుగు తడిమి, మళ్ళీ మూత పెట్టేసింది.

"ఇవాళ ఎన్ని సీసాలు?"

"నూటపద్నాలుగు."

"బూజు?"

"వారం ఆగితే గానీ తెలీదు అత్తయ్యా."

"సరే," అంది అత్తగారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని. "ఆగుదాం."